పర్మిషన్ డినైడ్ అంటే సుడో కొట్టేయకండి: ముందు ఫైలు ఎవరిదో చూడండి

బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉండే మా మేనల్లుడు ఒక ఆదివారం రాత్రి పదింటికి ఫోన్ చేశాడు.

"మామయ్యా, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా. స్క్రీన్ ఒక్క క్షణం నల్లగా అయ్యి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తోంది. పొద్దున తొమ్మిదికి కాల్ ఉంది."

"నిన్న ఏం చేశావురా?"

"ఏం చేయలేదు."

ఈ "ఏం చేయలేదు" నాకు కొత్త కాదు. గుచ్చి గుచ్చి అడిగితే కథంతా బయటికొచ్చింది. శనివారం కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి కొత్త ఎస్‌ఎస్‌డీ కొన్నాడు. అందులో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడు. పాత డిస్కును యూఎస్‌బీకి తగిలించి, తన ఫైళ్లు, సెట్టింగ్స్ ఉండే పాత హోమ్ ఫోల్డర్‌ను దాచిన ఫైళ్లతో సహా కొత్త హోమ్‌లోకి కాపీ చేశాడు. కాపీ మధ్యలో పర్మిషన్ డినైడ్ అని వస్తే కమాండ్ ముందు సుడో తగిలించి, అంటే సిస్టమ్‌కు సర్వాధికారి అయిన రూట్ హక్కుతో, మళ్లీ కొట్టాడు. ఈసారి అంతా గప్‌చుప్‌గా అయిపోయింది.

లినక్స్ డెస్క్‌టాప్‌లో వచ్చే పర్మిషన్ తలనొప్పుల్లో చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ఒక చిన్న అడ్డు వస్తుంది, సుడోతో దాన్ని తోసేసి ముందుకెళ్తాం, అప్పుడు పనైపోతుంది, ఎర్రర్ మాత్రం మర్నాడు ఇంకో వేషంలో వస్తుంది. ఆ రాత్రి వాడికి ఫోన్‌లో చెప్పిన వరుసే ఇక్కడ రాస్తున్నాను, వాడికి అవసరం పడనివి కొన్ని కలిపి.

కమాండ్లు కూడా ఫోన్‌లో చెప్పినట్టే తెలుగు అక్షరాల్లో ఉంటాయి. మీరు టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండోలో) ఇంగ్లిష్ చిన్నక్షరాలతో కొట్టాలి. పెద్దక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను. గీతలు, స్లాష్‌లు, చుక్కలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే. సుడో అంటే ఎస్ యు డి ఓ. చౌన్ అంటే సి హెచ్ ఓ డబ్ల్యూ ఎన్, ఫైలు ఎవరిదన్నది మార్చేది. చ్‌మాడ్ అంటే సి హెచ్ ఎం ఓ డి, ఎవరు ఏం చేయొచ్చన్నది మార్చేది. యూజర్ పేరు కిరణ్ అనుకుందాం. ఆ చోట మీ పేరు పెట్టుకోండి.

1. ఎర్రర్‌ను చివరిదాకా చదవండి

మూడు రకాల మాటలు వస్తాయి, మూడూ ఒకటి కాదు.

"పర్మిషన్ డినైడ్" అంటే ఆ ఫైలు మీదో, దాని దారిలో ఉన్న ఏదో ఫోల్డర్ మీదో మీకు హక్కు లేదు. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

"ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటే మీరు చేయబోయిన పనే ఒప్పుకోరు. ఎక్కువగా, మీది కాని ఫైలుకు చౌన్, చ్‌మాడ్ కొట్టినప్పుడు వస్తుంది. సుడోతో కొట్టినా అదే వస్తే ఎల్‌ఎస్‌ఏటీటీఆర్ అనే కమాండ్ ఆ ఫైలు మీద నడిపి చూడండి. వరుసలో ఐ అనే అక్షరం కనబడితే దాన్ని ఎవరో తాళం వేసి పెట్టారు. అది ఉన్నంతసేపు రూట్ కూడా ఆ ఫైలును మార్చలేదు.

"రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అంటే పర్మిషన్ల గొడవే కాదు. డిస్కు మొత్తం చదవడానికి మాత్రమే తెరుచుకుంది. దీనికి చ్‌మాడ్ ఎన్నిసార్లు కొట్టినా ప్రయోజనం లేదు. సంగతి 7లో చెబుతాను.

2. లాగిన్ కూడా కాకపోతే

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్లటి స్క్రీన్ మీద లాగిన్ అడుగుతుంది. పేరు, పాస్‌వర్డ్ కొట్టండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనబడవు, కంగారు పడొద్దు.

మావాడికి ఇక్కడ ఒక వింత వాక్యం వచ్చింది: "నో డైరెక్టరీ, లాగింగ్ ఇన్ విత్ హోమ్=/". చదివి వినిపించగానే నేను వాడిని ఆపేశాను. హోమ్ ఫోల్డర్‌లోకి అడుగు పెట్టలేక సిస్టమ్ మనల్ని డిస్కు మొదట్లో, అంటే ఒట్టి స్లాష్ దగ్గర, కూర్చోబెట్టిందని దానర్థం. మామూలుగా మీ హోమ్‌ను సూచించే టిల్డా గుర్తు (~) అలాంటప్పుడు మీ హోమ్ కాదు, సిస్టమ్ మొత్తం! "హోమ్‌ను మీ పేరిట మార్చుకోండి" అని నెట్‌లో దొరికే సలహాల్లో చాలావాటిలో టిల్డాయే ఉంటుంది. దాన్ని ఇక్కడ సుడోతో కొట్టి ఉంటే మొత్తం లినక్స్ మావాడి పేరిట రిజిస్టర్ అయ్యేది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కడా టిల్డా వాడను. పూర్తి దారి రాస్తాను, మీరూ అలాగే కొట్టండి.

3. మీరెవరో, ఫైలు ఎవరిదో చూడండి

ముందు మీ నంబరు:

ఐడి

"యూఐడీ=1000" అని మొదలవుతుంది. ఉబుంటు, మింట్, ఫెడోరా లాంటివాటిలో ఇన్‌స్టాల్ చేసినప్పుడు తయారయ్యే మొదటి యూజర్‌కు 1000, తర్వాతివాళ్లకు 1001, 1002. రూట్‌కు ఎప్పుడూ 0.

తర్వాత ఫైళ్లు, దాచినవాటితో సహా:

సుడో ఎల్‌ఎస్ -ఎల్‌ఏ /హోమ్/కిరణ్

మావాడు ఒక వరుస చదివాడు. ముందు ఒక గీత, ఆర్, డబ్ల్యూ, తర్వాత అన్నీ గీతలే. ఆ పక్కన "1001 1001", చివర ".ఎక్స్‌అథారిటీ". "పేరు ఉండాల్సిన చోట నంబరుందేంటి మామయ్యా?" అన్నాడు.

గొడవంతా అక్కడే ఉంది. డిస్కు మీద ఫైలు ఫలానావాడిది అని పేరు రాసి ఉండదు, నంబరే ఉంటుంది. మీ పీజీ వార్డెన్‌కు మీ పేరు గుర్తుండదు, 204 మూడో బెడ్ అంటే గుర్తుపడతాడు, అలాగన్నమాట. పాత ల్యాప్‌టాప్ మొదట వాళ్లన్నయ్యది. అందులో అన్నయ్య 1000, వీడు 1001. కొత్త ఎస్‌ఎస్‌డీలో వీడొక్కడే కాబట్టి వీడే 1000. సుడోతో, అందులోనూ -ఏ పెట్టి (ఓనర్, హక్కులతో సహా ఉన్నది ఉన్నట్టే అని) కాపీ చేశాడు కాబట్టి పాత నంబర్లు యథాతథంగా వచ్చేశాయి. కొత్త సిస్టమ్‌లో 1001 అనే మనిషే లేడు, అందుకే పేరు బదులు అంకె. స్క్రీన్ తెరవడానికి కావలసిన .ఎక్స్‌అథారిటీ ఫైలు ఎవరో లేని మనిషిది, వీడు చదవలేడు. అందుకే లాగిన్ దగ్గరికే గిరగిరా తిరిగి వస్తున్నాడు.

మీకు అంకె బదులు "రూట్" అని కనబడవచ్చు. సుడోతో ఏదో ప్రోగ్రామ్ నడిపి అది మీ హోమ్‌లో ఫైళ్లు రాస్తే అలా అవుతుంది. వైద్యం ఒకటే.

ఫైలు మీదే, హక్కులూ సరిగ్గానే ఉన్నాయి, అయినా తెరుచుకోవడం లేదంటే దారిలో ఎక్కడో ఒక ఫోల్డర్ ఆపుతోందని అర్థం. దానికి ఎవరూ పెద్దగా చెప్పని కమాండ్ ఒకటుంది:

నేమ్‌ఐ -ఎల్ /హోమ్/కిరణ్/ప్రాజెక్ట్/డేటా

ఎన్ ఏ ఎం ఈ ఐ. మొదటి స్లాష్ నుంచి చివరి ఫైలు దాకా దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్ ఎవరిదో, ఏ హక్కులున్నాయో ఒక్కో వరుసగా చూపిస్తుంది. నా లెక్కన సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

4. మీది కానిది ఎంతుందో లెక్క చూసుకుని, అంతే మార్చండి

సుడో ఫైండ్ /హోమ్/కిరణ్ ! -యూజర్ కిరణ్ -ఎల్‌ఎస్

ఆశ్చర్యార్థకానికి అటూ ఇటూ స్పేస్ ఉండాలి. మీ హోమ్‌లో మీవి కాని ఫైళ్లన్నీ వస్తాయి. ఈ కమాండ్ చూపించడమే తప్ప దేన్నీ మార్చదు. జాబితా ఒక్కసారి కళ్లతో చూడండి. రెండు మూడు ఫైళ్లే అయితే వాటినే మార్చండి. కుప్పలుగా ఉంటే:

సుడో చౌన్ -ఆర్ --ఫ్రమ్=1001 కిరణ్:కిరణ్ /హోమ్/కిరణ్

ఇక్కడ -ఆర్ అనేది పెద్దక్షరం, లోపలి ఫోల్డర్లన్నిటికీ అని అర్థం. ఫ్రమ్ అన్నది నాకు చాలా ఇష్టమైన భాగం. ఇప్పుడు 1001 పేరిట ఉన్నవాటిని మాత్రమే మారుస్తుంది, మిగతావాటి జోలికి పోదు. రూట్ పేరిట ఉంటే 1001 బదులు రూట్ అని రాయండి. పేరు, రెండు చుక్కలు, మళ్లీ పేరు: మొదటిది ఓనర్, రెండోది గ్రూప్, అంటే హక్కులు పంచుకునే యూజర్ల గుంపు.

తర్వాత సుడో రీబూట్. మావాడు పాస్‌వర్డ్ కొట్టాడు. పాత వాల్‌పేపర్‌తో సహా డెస్క్‌టాప్ వచ్చింది. టైమ్ పదకొండు కావస్తోంది.

పెద్దగా చెప్పాల్సింది లేదు గానీ, సెట్టింగ్స్ మార్చినా సేవ్ కాకపోవడం, ప్యానెల్ రోజూ మొదటికి రావడం కూడా ఈ జబ్బే. .కాన్ఫిగ్, .క్యాష్ ఫోల్డర్లలో రూట్ ఫైళ్లు దూరి ఉంటాయి. పై ఫైండ్ కమాండ్ వాటినీ పట్టిస్తుంది.

5. ఇప్పుడు హక్కుల సంగతి

ఫోన్ పెట్టేయబోతుంటే మళ్లీ అన్నాడు, "ఆఫీస్ సర్వర్‌కి కనెక్ట్ కావట్లేదు మామయ్యా, ప్రైవేట్ కీ అన్‌ప్రొటెక్టెడ్ అంటోంది." పాత డిస్కులో ఎప్పుడో, ఏదో పని చేయకపోతే, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషిన్‌కు భద్రంగా కనెక్ట్ చేసేది) తాళంచెవులు ఉండే .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌ను లోపలి ఫైళ్లతో సహా 777 చేశాడట.

777 అంటే ఏమిటో చూద్దాం. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కావలసినవి కూడండి. మొదటి అంకె ఓనర్‌కు, రెండోది గ్రూప్‌కు, మూడోది మిగతా అందరికీ. 644 అంటే ఓనర్ చదివి రాయొచ్చు, మిగతావాళ్లు చదవడమే. 600 అంటే ఓనర్‌కు తప్ప ఎవరికీ లేదు. 777 అంటే అందరికీ అన్నీ. చ్‌మాడ్, చౌన్ రెండూ 1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఉన్నాయి. అర్ధశతాబ్దం దాటినా లెక్క పెద్దగా మారలేదు కాబట్టి ఒకసారి నేర్చుకుంటే వృథా కాదు.

ఎస్‌ఎస్‌హెచ్ విషయంలో హక్కులు తక్కువైతే ఎంత తప్పో, ఎక్కువైతే అంతే తప్పు. రహస్య తాళంచెవిని పదిమందీ చూడగలిగితే అది దాన్ని వాడనే వాడదు.

చ్‌మాడ్ 700 /హోమ్/కిరణ్/.ఎస్‌ఎస్‌హెచ్

చ్‌మాడ్ 600 /హోమ్/కిరణ్/.ఎస్‌ఎస్‌హెచ్/ఐడి_ఈడి25519

కీ ఫైలు పేరు మీది ఏదైతే అది. ఫైళ్లు మీవే కాబట్టి సుడో అక్కర్లేదు. మీ ఫైలుకు చ్‌మాడ్ చేయడానికి సుడో అవసరం పడుతోందంటే 4వ అంచె ఇంకా పూర్తి కాలేదన్నమాట, వెనక్కి వెళ్లండి.

ఫోల్డర్ల దగ్గర అందరూ తడబడతారు. ఫోల్డర్‌కు "చదవడం" అంటే లోపలున్న పేర్లు చూడటం. "నడపడం" అంటే గుమ్మం దాటి లోపలికి వెళ్లడం. "రాయడం" అంటే లోపల కొత్తవి పెట్టడం, ఉన్నవి తీసేయడం. అందుకే ఫోల్డర్‌కు 644 ఇస్తే పేర్లు కనబడతాయి గానీ ఒక్కటీ తెరుచుకోదు. ఫోల్డర్లకు 755 గానీ 700 గానీ ఉండాలి. ఇంకో చిత్రం, మీ ఫోల్డర్‌లో ఉన్న రూట్ ఫైలును మీరు మార్చలేకపోయినా డిలీట్ చేయగలరు, ఎందుకంటే తీసేసే హక్కు ఫైలుది కాదు, ఫోల్డర్‌ది. నమ్మకం లేకపోతే ఒక ఖాళీ ఫైలుతో చేసి చూడండి.

ఫోల్డర్‌నంతా ఒకేసారి సరిచేయాలంటే:

చ్‌మాడ్ -ఆర్ యు=ఆర్‌డబ్ల్యూఎక్స్,జిఓ=ఆర్‌ఎక్స్ /హోమ్/కిరణ్/ప్రాజెక్ట్

ఇందులో -ఆర్ పెద్దక్షరం, రెండు ఎక్స్‌లూ పెద్దక్షరాలే. మిగతావన్నీ చిన్నవి. పెద్ద ఎక్స్ అంటే "ఫోల్డరైతేనే, లేదా ఇదివరకే నడిచే ఫైలైతేనే నడిపే హక్కు ఇవ్వు" అని. మామూలు ఫైళ్లకు అంటుకోదు.

అయితే ఒక మెలిక. ఇదివరకే 777 చేసి పాడుచేసిన ఫోల్డర్‌లో ప్రతి ఫైలూ నడిచే ఫైలే కదా, కాబట్టి పెద్ద ఎక్స్ వాటన్నిటికీ ఆ హక్కును అలాగే ఉంచేస్తుంది. అక్కడ రెండు విడతల్లో చేయాలి:

ఫైండ్ /హోమ్/కిరణ్/ప్రాజెక్ట్ -టైప్ డి -ఎగ్జెక్ చ్‌మాడ్ 755 {} +

ఫైండ్ /హోమ్/కిరణ్/ప్రాజెక్ట్ -టైప్ ఎఫ్ -ఎగ్జెక్ చ్‌మాడ్ 644 {} +

ఎగ్జెక్ అంటే ఈ ఎక్స్ ఈ సి. తర్వాత, నిజంగా నడవాల్సిన స్క్రిప్టులకు చ్‌మాడ్ యు+ఎక్స్ అని ఒక్కొక్కటిగా ఇచ్చుకోండి. ఈ ఎక్స్ చిన్నదే.

6. 777 గురించి నా సొంత అనుభవం

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక టెస్ట్ మెషిన్ మీద నేనున్న ఫోల్డర్‌ను 777 చేయబోయాను. చుక్క, స్లాష్ కలిపి కొట్టాల్సింది. మధ్యలో స్పేస్ పడింది. అంటే "ఈ ఫోల్డర్, అలాగే సిస్టమ్ మొత్తం" అని చెప్పానన్నమాట, అదీ రూట్‌గా. తేరుకుని కంట్రోల్ సి నొక్కేసరికి ఆలస్యమైంది. సుడో కొడితే "సెట్‌యూఐడీ బిట్ లేదు" అని, అంటే తనను రూట్‌గా నడిపించే గుర్తు పోయిందని, మొండికేసింది. బయటినుంచి ఎస్‌ఎస్‌హెచ్ ఆగిపోయింది. సీనియర్ ఒకాయన వచ్చి చూసి, "టీ తాగొద్దాం రా, వచ్చాక మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దువుగాని" అన్నారు. ఆ రోజు తిట్టకపోవడమే పెద్ద సాయం.

సిస్టమ్ ఫోల్డర్లలో ఒక్కో ఫైలుకు ఒక్కో హక్కు ఉంటుంది. సుడోకు ఒకటి, పాస్‌వర్డుల ఫైలుకు ఒకటి, అందరూ తాత్కాలిక ఫైళ్లు పెట్టే /టీఎంపీకి ఇంకొకటి. ఒక్క అంకెతో అన్నిటినీ తుడిచేస్తే తిరిగి ఒక్క అంకెతో రావు. మీకూ ఇలా జరిగితే గంటలు గంటలు అతుకులు వేయొద్దు. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి, హోమ్‌ను కాపీ చేసుకుని, మళ్లీ వేయడమే తక్కువ పని.

జాగ్రత్త ఒకటుంది. ఆర్‌ఎం కమాండ్ ఒట్టి స్లాష్ మీద నడవడానికి తనంతట తానే ఒప్పుకోదు. చౌన్, చ్‌మాడ్‌లకు ఆ బుద్ధి లేదు, మనమే చెప్పాలి. -ఆర్ వాడే ప్రతిసారీ --ప్రిజర్వ్-రూట్ కూడా కలపండి. వేళ్లకు అలవాటైపోతుంది.

7. పెన్‌డ్రైవ్‌లు, బయటి డిస్కులు

విండోస్‌లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ అయితే అందులో ఫైళ్లు పేర్చే పద్ధతి ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ అయి ఉంటుంది. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో యూనిక్స్ ఓనర్లను రాసుకునే చోటే లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ హక్కుల పద్ధతి వేరు. డిస్కు తగిలించినప్పుడు ఎవరి పేరిట చూపించాలో లినక్స్ అప్పటికప్పుడు నిర్ణయిస్తుంది. అందుకే మామూలుగా వాటి మీద చ్‌మాడ్ కొడితే ఏమీ మారదు, లేదా నాట్ పర్మిటెడ్ అంటుంది. ఫైల్ మేనేజర్‌లో క్లిక్ చేసి తెరిస్తే సాధారణంగా మీ పేరిటే తెరుచుకుంటుంది. ఏ డిస్కు ఎక్కడ తెరవాలో రాసే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో మీరే వరుస రాసుకుని ఉంటే ఆప్షన్లలో యూఐడీ=1000,జీఐడీ=1000 చేర్చండి.

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్ కూడా ఉండి, ఆ డ్రైవ్ రీడ్-ఓన్లీగా తెరుచుకుంటే అనుమానం ఫాస్ట్ స్టార్టప్ మీదే. విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది, ఆ డిస్కు మీద రాయడం మంచిది కాదని లినక్స్ వెనక్కి తగ్గుతుంది. విండోస్‌లోకి వెళ్లి షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయండి, లేదా పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. విండోస్ లేకుండానే, నిన్నటిదాకా బాగున్న డిస్కు ఉన్నట్టుండి రీడ్-ఓన్లీ అయితే డిస్కే పాడవుతూ ఉండొచ్చు. అప్పుడు మొదటి పని బ్యాకప్.

కొత్త డిస్కును లినక్స్ సొంత పద్ధతి ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేస్తే అది చాలాసార్లు రూట్ పేరిట ఉంటుంది, మీరు ఒక్క ఫైలు కూడా పెట్టలేరు. తగిలించి ఉంచి, అది తెరుచుకున్న చోటుకు, ఉబుంటు, మింట్‌లలో /మీడియా/కిరణ్ కింద ఉంటుంది, ఒక్కసారి చౌన్ చేస్తే చాలు. అప్పుడు ఖాళీ డిస్కే కాబట్టి -ఆర్ కూడా వద్దు.

8. ఇక్కడ కోడింగ్ చేసేవాళ్లకు రోజూ తగిలేవి

జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు వేసే ఎన్‌పీఎంను సుడోతో నడిపితే .ఎన్‌పీఎం ఫోల్డర్‌లో రూట్ ఫైళ్లు మిగలొచ్చు, మర్నాడు సుడో లేకుండా నడవదు, కాబట్టి మళ్లీ సుడో. ఆ చక్రం నుంచి బయటపడాలంటే ఆ ఒక్క ఫోల్డర్‌ను 4లో చెప్పినట్టు చౌన్ చేసి, ఇకమీదట సుడో మానేయండి. ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌లోనూ ఇదే వరస. కంటైనర్ లోపల రూట్‌గా నడిచేది బయట మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఫైళ్లు రాస్తే అవి రూట్‌వే అవుతాయి. డాకర్ రన్‌కు --యూజర్ 1000:1000 ఇస్తే మీ నంబరుతోనే రాస్తుంది.

ఎస్పీ రోడ్డులో ఆర్డునో బోర్డు కొనుక్కొచ్చి తగిలిస్తే పోర్ట్ తెరవలేనంటుంది. దానికి చ్‌మాడ్ చేయకండి, తీసి పెట్టగానే మళ్లీ మొదటికే వస్తుంది. గ్రూప్‌లో చేరాలి:

సుడో యూజర్‌మాడ్ -ఏజి డయలౌట్ కిరణ్

ఏ చిన్నది, జి పెద్దది. ఈ ఏ మర్చిపోతే మిగతా గ్రూపులన్నిటి నుంచి, సుడో గ్రూప్‌తో సహా, మిమ్మల్ని తీసేస్తుంది. ఉన్న ఒక్క అడ్మిన్ మీరే అయితే ఇక రికవరీ మోడ్‌లోకి వెళ్లి బాగుచేసుకోవాల్సిందే. చేరాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. చేరామో లేదో ఐడి కమాండ్ చెబుతుంది.

ఇవన్నీ చూశాక కూడా, టెర్మినల్‌లో తెరుచుకునే ఫైలు ఒక్క యాప్‌లో మాత్రం తెరుచుకోకపోతే, ఆ యాప్‌ను స్నాప్‌గా, అంటే మిగతా సిస్టమ్ నుంచి కట్టడి చేసి నడిపే ప్యాకేజీగా, వేసుకున్నారేమో చూడండి. స్నాప్ యాప్‌లు సాధారణంగా హోమ్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను చూడలేవు, బయటి డిస్కులకు విడిగా అనుమతి కావాలి:

సుడో స్నాప్ కనెక్ట్ యాప్‌పేరు:రిమూవబుల్-మీడియా

అలాంటిదే ఇంకో ప్యాకేజీ ఫ్లాట్‌ప్యాక్ అయితే ఫ్లాట్‌సీల్ అనే చిన్న యాప్ వేసుకుంటే స్విచ్చులు కనబడతాయి, కావలసిన ఫోల్డర్‌కు ఆన్ చేసుకోవచ్చు. ఈ రెండిటిలోనూ ఫైలు హక్కులను ముట్టుకోవాల్సిన పనే లేదు.